మేక ఎంత రేటు? వన్యప్రాణుల గురించి జనానికి చెప్పే ఉద్యోగంలో నా అనుభవం

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో నా తర్వాత జువాలజీ చదివిన పిల్లలు అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంటారు, "అక్కా, వైల్డ్‌లైఫ్‌లో ఉద్యోగం అంట కదా, ఎట్లా వచ్చింది, ఏం చేస్తారు, జీతం ఎంత" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. జీపులో అడవంతా తిరగడం, మెడలో కెమెరా, చెట్టు మీద చిరుత ఫోటో, ఇలాంటివి ఊహించుకున్నవాళ్ళు ఉంటే ముందే చెప్తున్నా, నా ఉద్యోగం అది కాదు. కాగితం మీద దాని పేరు ఎడ్యుకేషన్ అండ్ ఔట్‌రీచ్ అసిస్టెంట్. అడవి జంతువుల గురించి బడి పిల్లలకీ, జూకి వచ్చే యాత్రికులకీ, అడవి అంచున ఉండే ఊళ్ళవాళ్ళకీ చెప్పడం, వాళ్ళు చెప్పింది రాసుకొచ్చి పైవాళ్ళకి ఇవ్వడం. ఇన్నాళ్ళలో చిరుతల కంటే హెడ్‌మాస్టర్లనే ఎక్కువ చూశాను.

ఎట్లా వచ్చిందంటే, ఎమ్మెస్సీ అయ్యాక బీఈడీ చేసి డీఎస్సీ రాయమని ఇంట్లో ఒకటే పోరు. నేను ఫీజు కట్టేలోపు, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ అటవీ శాఖతో కలిసి చేసే ప్రాజెక్టుకి మనుషులు కావాలంటున్నారని మా సార్ చెప్తే వెళ్ళాను. ఇంటర్వ్యూలో సబ్జెక్టు ప్రశ్నలు పెద్దగా అడగలేదు. చిరుతపులి గురించి ఐదో తరగతి పిల్లాడికి చెప్పినట్టు రెండు నిమిషాలు చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత అదే చిరుత గురించి, నిన్న రాత్రే దొడ్లో మేకను పోగొట్టుకున్న రైతుకి చెప్పమన్నారు. ఆహారపు గొలుసు అని నేను మొదలుపెట్టగానే ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ ఫారెస్టర్ ఒకాయన "నా మేక పోయిందమ్మా, నువ్వు గొలుసులు, కడియాలు అంటావేంది" అని అడ్డం తగిలాడు. నాకు నోట మాట రాలేదు. కాసేపటికి "మేక ఎంత రేటు సార్" అన్నాను. ఆయన నవ్వేశాడు. ఆ ఒక్క ప్రశ్నకే నన్ను తీసుకున్నారని చేరాక తెలిసింది. అది తెలివితో అడిగింది కూడా కాదు, మా నైన సంతల్లో మేకల బేరాలు చేసే మనిషి కాబట్టి నోటికొచ్చింది, అంతే.

మొదట జూలో వేశారు. కొండ కింద ఉండే శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో మొదలైంది. ఐదున్నర వేల ఎకరాల స్థలం, విస్తీర్ణంలో ఆసియాలోని పెద్ద జూలలో ఒకటి. అంత పెద్దదని తిరుపతివాళ్ళకే చాలామందికి తెలియదు, చిన్నప్పుడు స్కూలు బస్సులో ఒకసారి వెళ్ళి ఉంటారు, మళ్ళీ బంధువులు వస్తేనే వెళ్తారు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దర్శనం ముగించుకొని, గుండుకు చందనం పూసుకొని, రైలుకి ఇంకా టైముందని వచ్చేవాళ్ళే. కాళ్ళ నొప్పులు, పిల్లల ఏడుపు, పైన ఎండ. వాళ్ళ ముందు జీవవైవిధ్యం అని మొదలుపెడితే ఎవరు వింటారు? పులి ఎందుకు పడుకుంది, మేం టికెట్టు కొన్నాం కదా, దాన్ని లేపండి అంటారు. తెలుగులో చెప్తే సగం మందికి అర్థం కాదు, అరవం, కన్నడం, హిందీ అన్నీ కలిపి కొట్టాలి.

రాళ్ళు వేయొద్దు అని ఎన్ని భాషల్లో బోర్డు పెట్టినా వేసేవాడు వేస్తూనే ఉంటాడు. అక్కడ యానిమల్ కీపర్‌గా పనిచేసే ఒక అన్న నా అరుపులు రెండు రోజులు చూసి, "వద్దు వద్దు అని చెప్పబాక పాపా, వాళ్ళకి ఏదో ఒక పని చెప్పు" అన్నాడు. అప్పటినుంచి పిల్లల్ని దగ్గరికి పిలిచి, పులి చెవుల వెనకాల ఏముందో చూసి చెప్పండి అంటాను. నల్లటి చెవి వెనక తెల్లటి మచ్చ ఉంటుంది. అది కనపడాలంటే పులి తల తిప్పాలి, అది తిప్పేదాకా వీళ్ళు ఆగాలి. అంతసేపూ ఆ అల్లరి పిల్లాడు గప్‌చుప్‌గా చూస్తుంటాడు, వాడి వెనకాల రాయి ఏరుకుందామనుకున్న బాబాయి కూడా చూస్తుంటాడు. తెల్లపులి దగ్గర మాత్రం నా మాట ఎవరికీ నచ్చదు. అది వేరే జాతి కాదండీ, మామూలు పులే, ఒక జన్యువు తేడా, 1951లో రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పులి సంతానమే ఇప్పుడు జూల్లో ఉన్న తెల్లపులుల్లో దాదాపు అన్నీ, అని చెప్తే జనం ముఖం చిన్నబుచ్చుకుంటారు. అయినా చెప్తాను. 2024 ఫిబ్రవరిలో ఒక సందర్శకుడు సింహం ఉన్న చోటికి దిగి ప్రాణం పోగొట్టుకున్నాక, కొన్నాళ్ళపాటు జనం అడిగింది ఒకటే, "ఆ సింహం ఏది?" చనిపోయిన మనిషి మీద జాలి లేదు, సింహం మీద కోపం లేదు, ఫోటో కావాలి. నేను వేరే వైపు చెయ్యి చూపించేదాన్ని.

జూ పని మధ్యలోనే బడులకి పంపడం మొదలుపెట్టారు. అక్టోబర్ 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు కాబట్టి ఆ వారం మమ్మల్ని పిలవని బడి ఉండదు, మిగతా ఏడాదంతా మేమే బతిమాలుకొని వెళ్ళాలి. సిలబస్ అవలేదు, పరీక్షలున్నాయి, మీకు పీఈటీ పీరియడ్ ఇస్తాం అంటారు. పీఈటీ పీరియడ్ పోగొట్టుకున్న పిల్లలు మనల్ని ఎంత ప్రేమగా చూస్తారో ఊహించుకోండి. సంస్థవాళ్ళు ఇచ్చిన పీపీటీ అరవై స్లైడ్లు, ప్రొజెక్టర్ ఉంటే కరెంటు ఉండదు, రెండూ ఉంటే కిటికీలకి తెరలుండవు. దాన్ని పక్కన పడేసి నేను పట్టుకెళ్ళేది ఒకటే, చిరుత అడుగు అచ్చు.

ఆ అచ్చు తీయడం నాకు ఒక ట్రాకర్ అన్న, అంటే అడవిలో జంతువుల జాడ కనిపెట్టే మనిషి, నేర్పించాడు. తడిమట్టిలో మంచి అడుగు దొరికితే దాని చుట్టూ రేకు పట్టీని గుండ్రంగా గుచ్చి, లోపల ఎండుటాకులు ఏరేసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలచగా కలిపి అంచు మీదనుంచి మెల్లగా పోయాలి, అడుగు మీద నేరుగా పోస్తే మట్టి చెదిరిపోతుంది. గట్టిపడ్డాక ఎత్తి, బ్రష్‌తో మట్టి దులిపితే, నాలుగు వేళ్ళూ, వెనక మెత్తటి పాదం ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. చిరుత గోళ్ళు నడిచేటప్పుడు లోపలికి ముడుచుకొని ఉంటాయి కాబట్టి గోటి గుర్తు పడదు. మడమ వెనక అంచు మూడు వంపులుగా ఉంటుంది. క్లాసులో దాన్ని చేతులు మారనిచ్చి, ఇప్పుడు బయటికి వెళ్ళి కుక్క అడుగు వెతికి పట్టుకురండి అంటాను. బడి ఆవరణలో కుక్క అడుగు దొరకని ఊరు లేదు. కుక్కకి వేళ్ళ ముందు గోటి పొడుపు కనిపిస్తుంది, పిల్లలు అది చూసి తేడా వాళ్ళే చెప్తారు. ఒకసారి చంద్రగిరి వైపు ఒక బడిలో ఏడో తరగతి అమ్మాయి అచ్చుని అటూ ఇటూ తిప్పి చూసి, "అక్కా, మా బోరు కాడ ఉండేది ఇదే, మా తాత కుక్కది అన్నాడు" అంది. మాస్టారు నీళ్ళ బాటిల్ మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. మరుసటి రోజు అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వెళ్ళి చూస్తే ఆ పిల్ల చెప్పిందే నిజం. ఆ ఇంట్లో అప్పటిదాకా మేకల్ని తడిక వెనకాల కట్టేవాళ్ళు, తర్వాత పైన కూడా మూసి ఉండే దొడ్డి వేసుకున్నారు.

దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో చిరుత తిరిగిందని వార్త వచ్చిందంటే చాలు, వాట్సాప్‌లో ఎక్కడెక్కడి వీడియోలు తిరుపతి పేరుతో తిరుగుతాయి, ఊళ్ళనుంచి అడుగుల ఫోటోలు రాత్రీ పగలూ వస్తాయి. చాలావరకు కుక్కలవే. నిజంగానే చిరుతలు క్యాంపస్‌ల్లోకి వస్తాయి, అందులో అబద్ధం లేదు, శేషాచలం అడవి గోడ పక్కనే మొదలవుతుంది కదా. కానీ కుక్క అడుగుకి ఊరంతా కర్రలు పట్టుకొని రాత్రంతా తిరిగితే, అసలు చిరుత వచ్చిన రోజు ఎవరూ నమ్మరు.

బడుల్లో అందరికీ ఇష్టమైన టాపిక్ పాములు, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే టాపిక్ కూడా అదే. ఎందుకంటే ఇక్కడ నేను చెప్పిన మాట రేపు ఎవరో ఒకరి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని రంగులు, జాతులు, లాటిన్ పేర్లు అన్నీ మానేసి నాలుగు పాములే చెప్తాను: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దగ్గర దొరికే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికే తయారు చేస్తారు. ఆ మందుకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుళర్ అనే గిరిజనుల సహకార సంఘం వాళ్ళు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేసి ఇస్తారని చెప్తే పిల్లలు నోరు తెరుచుకొని వింటారు. రక్తపింజర బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఉంటుంది, అది వినపడితే అడుగు ముందుకు వేయొద్దు. కట్లపాము మాత్రం ఏ చప్పుడూ చేయదు, రాత్రిళ్ళు ఇంట్లోకి వస్తుంది, కింద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా పెద్దగా ఉండదు, కడుపునొప్పి అనుకొని తెల్లారేదాకా ఆగుతారు, ఈలోపు కనురెప్పలు వాలిపోతాయి. కింద పడుకుంటే దోమతెర వేసుకొని అంచుల్ని చాప కిందికి దోపండి అని చెప్తాను. కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, కరిచిన చెయ్యో కాలో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళాలి, మంత్రగాడి దగ్గర ఆగొద్దు.

మంత్రగాడి మాట వరకు టీచర్లు కూడా తల ఊపుతారు. నాగుల చవితి దగ్గరికి వచ్చేసరికి మొహాలు మారిపోతాయి. పాము పాలు తాగదు అని చెప్తే, సాయంత్రానికి ఎవరో ఒకరి అమ్మ ఫోన్ చేసి మా పండగ గురించి మీరెవరు చెప్పడానికి అంటుంది. నేనిప్పుడు ఇలా చెప్తున్నా: పుట్టకి పసుపు కుంకుమ పెట్టండి, దణ్ణం పెట్టండి, పాలు పుట్ట బయట గిన్నెలో పెట్టండి, కన్నంలో పోయకండి, లోపల అది ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. మా అమ్మ కూడా ఇప్పుడు అట్లాగే చేస్తోంది, అయితే నేను చెప్పినందుకు కాదు, టీవీలో ఎవరో స్వామీజీ చెప్పినందుకు! చిలకల గురించి చెప్పినప్పుడు ఇంకో గొడవ. రామచిలకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం అని చెప్పగానే, తిరుపతి పిల్లాడు ఎవడైనా లేచి అడిగే మొదటి ప్రశ్న, "మరి మా వీధి చివర చిలక జోస్యం తాతను పోలీసులు ఎందుకు పట్టుకోరు?" ఇంతవరకు దానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

నేను చేరిన కొత్తలోనే, 2023లో, అలిపిరి నడకదారిలో చిరుత దాడులు జరిగాయి. జూన్‌లో ఒక చిన్న బాబు గాయాలతో బయటపడ్డాడు, ఆగస్టులో ఆరేళ్ళ పాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటాక పదిహేనేళ్ళలోపు పిల్లల్ని నడకదారిలో పంపకుండా ఆపారు, నడిచేవాళ్ళకి చేతికర్రలు ఇచ్చారు, బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. ఆ రోజుల్లో మమ్మల్ని అలిపిరి దగ్గర నిలబెట్టి జనానికి జాగ్రత్తలు చెప్పమన్నారు. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన రోజులు అవే. ఒక పాప పోయింది, ఆ చోటికి ఇంకో తల్లి ఇద్దరు పిల్లల్ని పట్టుకొని మొక్కు తీర్చుకోవడానికి వస్తుంది, ఆమెకి చిరుత చాలా సిగ్గరి జంతువమ్మా అని ఏ నోటితో చెప్తాం? అది నిజమే అయినా ఆ చోట చెప్పే మాట కాదు. పిల్లల్ని ముందూ వెనకా పరిగెత్తనివ్వొద్దు, మధ్యలో పెట్టుకోండి, చెయ్యి వదలొద్దు. గుంపుగా నడవండి. ఎదురైతే పరిగెత్తొద్దు, వంగొద్దు, చిన్నపిల్లల్ని ఎత్తుకొని, గట్టిగా అరుస్తూ, దానివైపే చూస్తూ వెనక్కి జరగండి. తినగా మిగిలింది దారిలో పడేయొద్దు, దానికోసం కుక్కలు, పందులు వస్తాయి, వాటికోసం చిరుత వస్తుంది. ఇంతే, ఒక నిమిషం. "గోవిందా అంటా పోతాం తల్లీ, ఆయనే చూసుకుంటాడు" అన్నవాళ్ళకి, "గోవిందా అని గట్టిగా అనండి, అందరూ కలిసి అనండి, చప్పుడు ఉంటే మంచిదే" అనేదాన్ని. ఇది మాత్రం బాగా పనిచేసింది.

ఇక ఏనుగులు. అసలు ఉద్యోగం అంటే ఏంటో నాకు పలమనేరు, కుప్పం వైపు వెళ్ళాకే అర్థమైంది. మన చిత్తూరు జిల్లాలోకి ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి వచ్చాయి, అంతకు ముందు ఇక్కడి తాతలు ఏనుగుని గుళ్ళోనో సర్కస్‌లోనో చూసినవాళ్ళే. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు, 357 చదరపు కిలోమీటర్ల పైన. మ్యాపులో చూస్తే సన్నగా, పొడుగ్గా, పక్కన అంతా పొలాలు. ఏనుగుకి రోజుకి నూటయాభై కిలోల మేత కావాలి. ఎండాకాలంలో అడవిలో నీళ్ళుండవు, ఇటు చూస్తే చెరుకు, అరటి, వరి కయ్యలు, మామిడి తోటలు. మీరే ఏనుగైతే ఎటు వెళ్తారు?

అక్కడ మీటింగ్ అని దండోరా వేస్తే ఎవరూ రారు, వచ్చినా పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీల్లో పెద్దమనుషులే కూర్చుంటారు, రాత్రి కాపలాకి పోయేవాడు రాడు. మాకు పని జరిగింది పాల కేంద్రం దగ్గర. పొద్దున, సాయంత్రం ఊళ్ళో ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు క్యాను పట్టుకొని వస్తారు, వెన్న శాతం చూసి చీటీ ఇచ్చేదాకా నిలబడాల్సిందే. ఆ లైన్‌లో నేను కూడా నిలబడేదాన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక అవ్వ క్యాను కింద పెట్టి నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం పాపా, ఏనుగును కాపాడండి అని చెప్పేదానికి వచ్చినావా? దాన్ని ఎవురు ఏమన్నారు? అదే మమ్మల్ని కొడతా ఉండాది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను "ఏం పోయిందవ్వా" అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఆమె అయిపోగానే పక్కాయన, ఆయన తర్వాత ఇంకొకాయన. టమోటా తినలేదు, తొక్కింది. డ్రిప్ పైపులు కాలికి చుట్టుకొని లాక్కుపోయింది. బోరు పైపు విరిచింది. కొబ్బరి మొక్కని పీకి మొవ్వ తిని మిగతాది పడేసింది, ఆరేళ్ళు నీళ్ళు పోసి పెంచిన మొక్క! పంట నష్టం అంటే మనం ఎకరాలు, క్వింటాళ్ళు అనుకుంటాం, వాళ్ళు పైపుల గురించి చెప్పినంత బాధగా పంట గురించి చెప్పరు. పంట మళ్ళీ వస్తుంది, పైపులకి మళ్ళీ అప్పు చేయాలి.

నేను చెప్పాల్సింది కూడా చెప్పాను, కానీ చివర్లో, అదీ వాళ్ళు అడిగినప్పుడు. సోలార్ కంచె తగిలితే చచ్చిపోతారని అక్కడ పెద్ద అపోహ ఉంది. సోలార్ కంచెలో కరెంటు ఆగి ఆగి, క్షణం పాటు వస్తుంది, ఝాడించి కొడుతుంది కానీ చంపదు. లైను నుంచి నేరుగా తీగకి కరెంటు ఇస్తే ఏనుగూ చస్తుంది, పక్క పొలం మనిషీ చస్తాడు, కేసు ఆ తీగ కట్టినాయన మీద పడుతుంది. సోలార్ కంచె కూడా గడ్డి పెరిగి తీగకి తగిలితే భూమిలోకి దిగిపోయి పనిచేయదు, పైగా ఏనుగు తెలివైంది, చెట్టుని తోసి తీగ మీద పడేసి దాటుతుంది. "కంచె గవర్నమెంటోళ్ళు వేసినారు సరే, గడ్డి ఎవురు కోయాల?" అని అడిగాడు ఒక అన్న. న్యాయమైన ప్రశ్న. ఆ ఊళ్ళో చివరికి వంతులు వేసుకున్నారు, పక్క ఊళ్ళో వేసుకోలేదు, ఎందుకో నేను చెప్పలేను, రెండు ఊళ్ళలోనూ నేను చెప్పింది ఒకటే.

రాత్రిపూట ఏం చేయాలన్నదే అన్నిటికంటే ఎక్కువ అడిగేవాళ్ళు. ఒక్కడే వెళ్ళొద్దు, తాగి అసలే వెళ్ళొద్దు, గుంపులో పిల్ల ఏనుగు ఉంటే దూరంగా ఉండండి, ఒంటరి మగ ఏనుగు దగ్గర ఇంకా దూరంగా ఉండండి, అది వచ్చిన దారికి అడ్డం నిలబడి టపాకాయలు కాల్చొద్దు, అది వెనక్కి పోవడానికి దారి ఉండాలి. చెప్పినవాళ్ళలో పెద్దవాళ్ళు సరే అంటారు. కుర్రాళ్ళతోనే కష్టం. ఏనుగు చెరుకు తోటలో ఉందంటే పది బైకులు, ఇరవై ఫోన్లు. ఫారెస్టు ట్రాకర్లు ఏనుగుని తోలడానికి పడే కష్టం కంటే ఈ జనాన్ని తోలడానికి పడే కష్టమే ఎక్కువ. ఆ కుర్రాళ్ళలోనే ఒకడిని పట్టుకొని ఊరి వాట్సాప్ గ్రూపు చూసుకోమని చెప్పాం, ఏనుగు ఏ వైపు ఉందో ట్రాకర్ ఫోన్ చేస్తే గ్రూపులో పెట్టడం వాడి పని. ముందు వరసలో నిలబడి వీడియో తీసేవాడు ఇప్పుడు అందరినీ ఇళ్ళల్లోకి పొమ్మని వాయిస్ మెసేజులు పెడుతున్నాడు, గొంతులో భలే అధికారం.

నష్టపరిహారం విషయంలో మాత్రం చేతులు కట్టేసినట్టు ఉంటుంది. నాది డబ్బులిచ్చే ఉద్యోగం కాదు, ఇప్పించే అధికారమూ లేదు, కానీ ఊళ్ళోవాళ్ళకి ఎదురుగా కనపడే మనిషిని నేనే. పంట పోయిన పొద్దున్నే ఏమీ కదిలించకుండా ఫోటోలు తీయండి, పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు తీసి పెట్టుకోండి, బీట్ ఆఫీసర్‌కి అదే రోజు చెప్పండి, ఇవన్నీ చెప్పి, అర్జీలు నేనే కూర్చొని రాసిపెట్టాను. కౌలు రైతు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పాస్‌బుక్ బెంగళూరులో ఉండే భూమి యజమాని పేరు మీద ఉంటుంది, పైపులు పోయింది ఇతనివి. నేను రాసిన నెలవారీ రిపోర్టుల్లో ఈ సంగతి ప్రతిసారీ ఉంది. ఎవరు చదివారో తెలియదు.

ఏనుగుల బాధ కూడా చెప్పాలి కదా, అదే నా ఉద్యోగం. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవే దాటుతుంటే వాహనం గుద్ది మూడు ఏనుగులు ఒకేసారి చనిపోయాయి. ఆ మాట ఎత్తితే మాత్రం పాల కేంద్రం దగ్గర ఎవరూ నవ్వరు, ఎదురు మాట్లాడరు. అవ్వే చెప్పింది, ఊళ్ళోనుంచి ఆడవాళ్ళు పసుపు, పూలు తీసుకొని వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చారని. పంట తొక్కినందుకు తిట్టేదీ వాళ్ళే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు ఏ స్లైడూ చెప్పలేదు, ఎవరిలోనూ ప్రేమ పుట్టించాల్సిన పని అక్కడ నాకు లేదు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తోలడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుల్ని, మన రాష్ట్రానికి ఇచ్చింది, వాటిని పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపుకి తెచ్చారు. జనం పిల్లలతో సహా చూడటానికి పోయారు. "ఇంక మా చేన్లోకి రావు కదా?" అని అందరూ నన్నే అడిగారు. కుంకీలు దారి తప్పి వచ్చిన ఏనుగుని అడవిలోకి తోలగలవు, అడవిలో నీళ్ళు, మేత లేకపోతే అది మళ్ళీ రాకుండా ఆపలేవు, అని ఉన్నదున్నట్టు చెప్పాను. పక్కనున్న మా సంస్థ ఆయనకి అది నచ్చలేదు, కొంచెం పాజిటివ్‌గా చెప్పొచ్చు కదా అన్నాడు. పాజిటివ్‌గా చెప్పి, వారం తర్వాత మళ్ళీ అదే పాల కేంద్రం దగ్గర నిలబడాల్సింది నేను కదా.

చలికాలంలో నేలపట్టు వైపు వేస్తారు, అది మాత్రం హాయి. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది, 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువులోని కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు పెడతాయి. అక్కడ రైతులకి మనం చెప్పాల్సింది ఏమీ ఉండదు, పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు అని వాళ్ళే మనకి చెప్తారు. జనవరిలో ఫ్లెమింగో పండగ అప్పుడు సూళ్ళూరుపేటకి వచ్చే టూరిస్టులకి బైనాక్యులర్ సరిచేసి ఇవ్వడం, పక్షుల్ని చూడాలంటే డ్రోన్ ఎగరేయొద్దని చెప్పడం, అంతే పని.

జీతం సంగతి అడిగారు కదా. ప్రైవేటు స్కూలు టీచర్ జీతం ఎంతో అంతే, పైగా కాంట్రాక్టు. ప్రాజెక్టు డబ్బులు పైనుంచి రాలేదని మూడు నెలలు ఆపిన సందర్భం కూడా ఉంది, అప్పుడు మా నైన దగ్గర పెట్రోలుకి అడుక్కున్నా. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు "అమ్మాయి జూలో పనిచేస్తుందంట" అని మా అమ్మ ముందే నవ్వుకున్నారు. ఆడపిల్లలకి ఇంకో మాట, పలమనేరు నుంచి రాత్రి బస్సులో ఒంటరిగా రావాల్సి వస్తుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నేనైతే ఊళ్ళో మీటింగ్ ఉన్న రోజు అక్కడే అంగన్‌వాడీ టీచర్ ఇంట్లో పడుకునేదాన్ని, రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టి, వద్దన్నా ఇంకో ముద్ద వేసేది.

రావాలనుకునేవాళ్ళు డిగ్రీ మార్కుల గురించి బెంగ పెట్టుకోవద్దు. అరవం కొంచెం వస్తే మంచిది, కుప్పం వైపు కన్నడం కూడా. టూవీలర్ లైసెన్స్ ఉండాలి. పాముల్ని పట్టడం వచ్చా అని అడిగితే రాదనే చెప్పండి, వచ్చని చెప్తే అర్ధరాత్రి ఫోన్లు మొదలవుతాయి, శిక్షణా అనుమతీ లేకుండా పట్టడం ప్రాణాలకీ ప్రమాదం, చట్టానికీ విరుద్ధం. ఇంటర్వ్యూలో ఆ రిటైర్డ్ ఫారెస్టర్ మళ్ళీ కూర్చుంటే మేక రేటు అడగబాకండి, ఈ రాత తర్వాత అందరూ అదే అడుగుతారు. ఊరికి ఎన్నిసార్లు పంపుతారు, ఒకే ఊరికి మళ్ళీ మళ్ళీ పంపుతారా లేక ఫోటోలకోసం రోజుకో ఊరా, అది అడగండి. పెట్రోలు ఖర్చు జీతంలోనేనా, విడిగా ఇస్తారా అన్నది కూడా ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి, నోటి మాటకి ఒప్పుకోవద్దు.